కాగ్నా నీటిలో పోవు మన్ను – కృష్ణ మొగలోని దీవులు

తాండూరు ప్రాంతపు రైతులలో కృష్ణానది సముద్రములో కలియు చోటును చూచినవారు చాల తక్కువ. శ్రీశైలము పోయి వచ్చినవారు ఎందరో గలరు. పుష్కరములకు విజయవాడ పోయి మునిగి వచ్చినవారును గలరు. కాని విజయవాడ దాటి, అవనిగడ్డ దాటి, నాగాయలంక దాటి, అక్కడినుండి ఏటిపాయ దాటి పోవలసిన ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ అను దీవుల పేర్లు విన్నవారు మన మండలములలో పదిమంది ఉందురో లేదో. కృష్ణాజిల్లా వారే పని లేనిదే అక్కడికి పోరు. యాత్రికులు హంసలదీవి వద్ద సాగరసంగమములో స్నానము చేసి అటునుండి అటే మరలి వత్తురు.

ఇటువంటి దీవుల సంగతి కందులు పండించు మన రైతులకు ఎందుకని ఎవరైనను అడుగవచ్చును. ఎందుకనగా, మన చేల మీది మన్నుకును ఆ దీవులకును చుట్టరికము ఉన్నది. ఆ చుట్టరికము ఇటీవల చెడినది కూడ. అది ఎట్లు కలిసినదో, ఎట్లు చెడినదో తెలిసికొన్నచో, వచ్చే మృగశిర కార్తెలోగా మన చేలో చేయదగిన పని ఏదియో తానే తెలియును.

నీటి వెంట నడచినచో

వికారాబాదు వద్ద అనంతగిరి గుట్టలమీద పడిన వాన రెండు దారులు పట్టును. తూర్పునకు జారిన నీరు మూసీయై హైదరాబాదు నగరము నడుమగా పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. పడమరకు జారిన నీరు కాగ్నాయై తాండూరు ప్రక్కగా పారి, కర్ణాటక రాష్ట్రములో ప్రవేశించును. అక్కడ మళఖేడ్ ఈ నది ఒడ్డుననే యున్నది. ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము అదియే. ఆ తరువాత కలబురగి జిల్లాలో కాగ్నా భీమలో కలియును. భీమ రాయచూరుకు ఉత్తరముగా కృష్ణలో కలియును. ఇక అక్కడినుండి జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల, విజయవాడ ప్రకాశం బ్యారేజి వరుసగా దాటి ఆ నీరు దివిసీమకు చేరును. అనంతగిరి మీద ఒకే మేఘమునుండి పడిన రెండు చినుకులు ఇట్లు విడిపోయి, వందల మైళ్ళు తిరిగి, చివరకు ఒకే మొగ వద్ద కలిసికొనును.

నీరు ఒంటరిగా పోదు. మఖ, పుబ్బ కార్తెలలో కాగ్నా పొంగినప్పుడు వంతెనమీద నిలువబడి చూచినచో నీటి రంగు చూచినంతనే ఈ మాట తెలియును. ఆ నలుపు, ఆ ఎరుపు ఎవరి చేలోనిదో ఒకరి చేలోనిదే కదా.

దీవులు ఎట్లు పుట్టును

దీవులన్నియు ఒక విధమైనవి కావు. ఇండోనేషియా దేశములో పదిహేడు వేలకు పైబడిన దీవులు గలవు. వానిలో జావా, సుమత్రా మొదలగు చోట్ల అగ్నిపర్వతములు విస్తారముగా ఉన్నవి. అటువంటి దీవులు భూగర్భమునుండి పైకి లేచినవి. వాని పునాది రాయి. మన కృష్ణ మొగలోని దీవులకు రాతి పునాది లేదు. అవి నది తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు మట్టులతో ఏర్పడినవి. అక్కడ ఎంత త్రవ్వినను పలుగుకు రాయి తగులదు. తాండూరు బండల మధ్య పుట్టి పెరిగినవానికి ఇది మొదట నమ్మశక్యముగా ఉండదు.

నది పల్లమునకు పారినంతసేపు మన్నును మోసికొని పోవును. సముద్రము దగ్గర పడగానే వాలు తగ్గును, వేగము తగ్గును. మోసిన బరువును అక్కడ దించివేయును. మొదట బరువైన ఇసుక, తరువాత సన్నని ఒండ్రు, చివరకు బంకమట్టి దిగును. దించిన దిబ్బయే దారికి అడ్డమై నది పాయలుగా చీలును. పులిగడ్డ వద్ద కృష్ణ ఇట్లే చీలినది. ఆ చీలిన పాయల నడుమ ఏర్పడినదే దివిసీమ. పాయలు మరల చిన్న పాయలుగా చీలిన చోట సముద్రపుటంచున ఈ చిన్న దీవులు ఏర్పడినవి. ఇది వేల సంవత్సరముల పని. దివిసీమకు చేరువనున్న ఘంటసాల బౌద్ధుల కాలములో పేరు పడిన రేవు. గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కంటకస్సుల ఇదియేనని చరిత్రకారుల అభిప్రాయము. నేడు ఘంటసాలలో నిలువబడిన వానికి సముద్రము కానరాదు. అంతమేర నది నేలను ముందుకు నెట్టినది.

ఆ నేలలో మన పాలు ఎంత అని లెక్క తేల్చుట సాధ్యము కాదు. కృష్ణ పరీవాహకము మహారాష్ట్రలోని పడమటి కనుమలనుండి మొదలగును. కాగ్నా అందులో చిన్న ఉపనదికి ఉపనది. అయినను చిన్న వాటాదారుడును వాటాదారుడే.

దీవిమీద అడుగిడినప్పుడు

నాగాయలంక నుండి ఏటిమొగ రేవునకు పోయి కృష్ణపాయ దాటినచో ఎదురుమొండి. నేను పోయినప్పుడు పంటు మీద మనుషులు, మోటారు సైకిళ్ళు, ఎరువుల బస్తాలు, మంచినీళ్ళ డబ్బాలు కలిసి దాటుచుండెను. ఎరువుల బస్తాకు పడవ కిరాయి అదనముగా పడు రైతును చూచిన తరువాత, ఊరి నడుమ దుకాణము పెట్టుకొని ఎరువు దూరమని సణుగు మనవారిని తలచుకొంటిని.

ఎదురుమొండి దాటి సముద్రమువైపు పోయినకొలదియు నేల తీరు మారును. వరిపొలములు, రొయ్యల చెరువులు తగ్గి, ఉప్పు పేరిన తెల్లని చవుడు కనిపించును. దానికి ఆవల మడ అడవి. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న అను చెట్లు పోటు వచ్చినప్పుడు ఉప్పునీటిలో మునుగును, పాటు వచ్చినప్పుడు బురదలో నిలుచును. మడచెట్టు వేళ్ళు కొన్ని భూమిలోనికి దిగక, బురదలోనుండి పైకి మేకులవలె లేచియుండును. బురదలో గాలి యుండదు కావున చెట్టు ఆ మేకులతోనే శ్వాసించును. ఆ మేకుల నడుమ నీటివేగము చచ్చి, నీటిలోని ఒండ్రు అక్కడనే దిగిపోవును. ఒక్క చెట్టు ఇట్లు తన మొదలులోనికి తానే మట్టి చేర్చుకొనుట రైతు అయినవాడు కన్నులార చూడదగినది. ఈ మడ అడవులను 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. చేపలు పట్టి తిను అడవిపిల్లి ఇందులో నివసించును. ఇసుక ఒడ్డులమీద సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును.

ఈలచెట్లదిబ్బ ఇంకను ఆవల, పడవమీద తప్ప చేరరాని చేపలవారి పల్లె. దీవులలో పెద్దవారిని పలుకరించినచో మాట ఎటు మొదలైనను 1977 నవంబరు 19వ తేదీకి పోయి ఆగును. ఆనాటి తుపానులో సముద్రము ఉప్పెనయై దివిసీమ మీద విరుచుకొని పడినది. పదివేలమందికి పైగా జనము, లెక్కకు మిక్కిలి పశువులు పోయినవి. ఉప్పునీరు నిలిచిన పొలములు మరల దారికి వచ్చుటకు ఏండ్లు పట్టినవి. నేల సముద్రమునకు కొద్ది అడుగుల ఎత్తునే యున్నచో బ్రతుకు ఎట్లుండునో మెట్టప్రాంతము వారికి ఊహకు అందదు. మనకు వాన రాదేమోనని భయము. వారికి వాన వెంట ఇంకేమి వచ్చునోనని భయము.

ఇప్పుడు వచ్చిన క్రొత్త భయము ఇంకొకటి యున్నది. దీవులు కోతకు గురియగుచున్నవి. ఎదురుమొండి నుండి నాచుగుంట పోవు బాట కొంతమేర ఏటికోతకు లోనైనది. పెరుగవలసిన నేల ఎందుకు తరుగుచున్నది?

మట్టి నడుమ ఎక్కడ ఆగినది

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్క ఒకటి దీనికి సమాధానము చెప్పును. పాత పటములు, ఉపగ్రహ చిత్రములు పోల్చి చూడగా, 1965 నుండి 2008 వరకు కృష్ణా గోదావరి డెల్టాల తీరమున నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలైనది. ఎకరములలో చెప్పినచో సుమారు పందొమ్మిది వేలు. ఒక మాదిరి మండలపు సాగుభూమి అంత. కృష్ణ తెచ్చు ఒండ్రు 1966–69 నాటికి 90 లక్షల టన్నులుండగా, 2000–05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయినదని వారి లెక్క.

అట్లయినచో పైనున్న మనము మన్నును కాపాడుకొనుటచేత ఒండ్రు తగ్గినదా? అదియే అయినచో సంతోషింపదగినదే. కాని సంగతి అది కాదు. నదికి అడ్డముగా ఆనకట్టలు వచ్చినవి. నాగార్జునసాగరము నీరు 1967లో కాలువలకు వదలిరి. ఆ తరువాత 1980 దశకములో శ్రీశైలము నిండినది. ఈ జలాశయములు కోట్ల ఎకరములకు కాకపోయినను లక్షల ఎకరములకు ప్రాణము పోసినవి. వానిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కాని నిలిచిన నీటిలో మన్ను అడుగునకు దిగుట ప్రకృతిధర్మము. శ్రీశైలము జలాశయపు మొదటి నిల్వ 308 టి.ఎం.సి.లు. పూడిక తరువాత చేసిన సర్వేలో అది 215 టి.ఎం.సి.లకు తగ్గినట్లు తేలినది. తొంబదికి పైగా టి.ఎం.సి.ల చోటును మన్ను ఆక్రమించినది. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పట్టుననుకొన్నచో ఇది ఎనుబది కోట్ల ట్రాలీలకు పైబడును. ఇందులో తుంగభద్రనుండి వచ్చినది, భీమనుండి వచ్చినది, కృష్ణనుండి వచ్చినది అన్నియు కలవు. కాగ్నా పాలు కూడ కొంత ఉండక తప్పదు.

మొన్న ఒక గ్రామములో రైతువేదిక వద్ద ఈ మాట చెప్పుచుండగా ఒక పెద్దాయన, “మట్టి పోతే పోయింది సార్, కిందోళ్ళకన్నా అక్కరకొస్తది గదా” అనిరి. మంచి మనసుతో అన్న మాట. పూర్వము అయినచో అది కొంతవరకు నిజమే. నేడు కాదు. మన చేను విడిచిన మన్ను దీవి చేరుట లేదు. అది మనకును కాక, దివిసీమకును కాక, నడుమ జలాశయములో పడి అక్కడ నిలువవలసిన నీటి చోటును తినుచున్నది. ఆ నీటిమీద ఆధారపడిన ఆయకట్టు రైతు మూడవ నష్టపోయినవాడు. ఒక టన్ను మట్టి కదలినచో మూడు చోట్ల నష్టము. లాభపడినవాడు ఎక్కడను లేడు.

దేశము మొత్తము మీద 1983లో వేసిన అంచనాలో హెక్టారుకు ఏటా 16.4 టన్నుల మన్ను కదలుచున్నదని తేలినది. అందులో సముద్రము చేరునది నూటికి 29 పాళ్ళు, జలాశయములలో దిగునది 10 పాళ్ళు. తక్కిన 61 పాళ్ళు ఒకచోటినుండి ఇంకొక చోటికి, అనగా మెరకనుండి పల్లమునకు, చేనునుండి వాగునకు, రైతునుండి పొరుగు రైతుకు మారును. ఈ చివరి మాట గ్రామాధికారులు గుర్తుంచుకొనదగినది. గట్టు తగాదాలలో సగము ఈ మట్టి మారుటవల్లనే పుట్టుచున్నవని నా అనుభవము.

మీ చేనునుండి ఎంత పోవుచున్నది

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. గట్టివాన కురిసి, చేని మూలనుండి నీరు బయటికి పారుచుండగా ఒక లీటరు సీసాను ఆ నీటితో నింపుడు. రెండు రోజులు కదల్చక ఉంచుడు. పైనీరు మెల్లగా వంచివేసి, అడుగున మిగిలిన బురదను ఎండబెట్టి, బంగారపు త్రాసులోనో కిరాణా దుకాణపు చిన్న కాటాలోనో తూచుడు. ఒక ఎకరము మీద ఒక అంగుళము నీరు పారినచో అది సుమారు లక్ష లీటర్లు. లీటరుకు పది గ్రాముల మన్ను దొరికినచో, ఆ ఒక్క అంగుళపు నీటితో టన్ను మన్ను పోయినదన్నమాట. ముప్పది గ్రాములు దొరికినచో మూడు టన్నులు. పలుచని కాఫీ రంగు నీటిలోనే పది గ్రాములుండవచ్చును.

ఎకరము మీద ఒక మిల్లీమీటరు మందము మన్ను సుమారు ఐదు టన్నులు తూగును. పోస్టుకార్డులు మూడు నాలుగు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందము కంటికి ఆనదు. గట్టు ప్రక్కన కోత పడినప్పుడు మాత్రమే రైతు గుండె ఝల్లుమనును. చేను అంతట సమముగా పొర లేచిపోయినప్పుడు తెలియనే తెలియదు. కాని నత్రజని, సేంద్రియ పదార్థము ఆ పై పొరలోనే ఎక్కువ. నీరు మొదట తీసికొనిపోవునది సన్నని, సారవంతమైన రేణువులనే. ఇసుక, గులకరాయి మనకు మిగులును. మన ప్రాంతములో కొన్ని చేలలో రెండు మూడడుగుల క్రింద బండ పరచి యున్నది. అటువంటి నేలలో పోయిన ప్రతి అంగుళమును తేమ నిలుపుకొను చోటు తగ్గినట్లే. శీతకాలములో, పూత కాయ దశలో కందికి వాన ఆధారము లేదు. భూమిలో నిలిచిన తేమయే ఆధారము. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపులో మన నల్లరేగడిని, అందులోని అట్టపల్గైట్ అను బంకమట్టిని, క్రిందనున్న సున్నపురాతిని ప్రత్యేకముగా చెప్పిరి. పేరు పప్పుదే అయినను పెట్టుబడి మట్టిది.

కంది చేలో ప్రమాద కాలము

కంది మొదటి నెలన్నర, రెండు నెలలు చాల నెమ్మదిగా పెరుగును. సాళ్ళ నడుమ నాలుగైదు అడుగుల ఎడము విడిచెదము. జూన్‌లో నల్లరేగడి పగుళ్ళు తెరచుకొని యుండును కావున తొలి వానలు ఎంత గట్టిగా కురిసినను చాలవరకు పగుళ్ళలోనికే పోవును. ఆగస్టు వచ్చుసరికి మట్టి ఉబ్బి పగుళ్ళు మూసికొనును. ఆ తరువాత నల్లరేగడిలో నీరు ఇంకుట చాల మెల్లన. సరిగా ఆ సమయముననే గట్టివానలు, ఆ సమయముననే కంది ఆకు ఇంకను సాళ్ళ నడుమ నేలను కప్పకుండుట. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలు మన మన్నుకు గండములు.

వానాకాలమంతయు బీడు ఉంచి, రబీలో తెల్లజొన్నయో శనగయో వేయు చేలలో సంగతి ఇంకను విషమము. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1976 నుండి నల్లరేగడిలో ఈ విషయమును ప్రక్కప్రక్క చేలలో కొలిచినది. పాత పద్ధతిలో వానాకాలము బీడు ఉంచిన చేనునుండి హెక్టారుకు ఏటా సుమారు ఆరున్నర టన్నుల మన్ను పోగా, వెడల్పు బోదెలు చేసి జొన్నలో కంది అంతరపంట వేసిన చేనునుండి సుమారు ఒకటిన్నర టన్ను మాత్రమే పోయినది. దిగుబడి పాత పద్ధతిలో హెక్టారుకు ఒక టన్ను పైచిలుకు, క్రొత్త పద్ధతిలో ఐదు టన్నుల దాక. దిగుబడిలోని తేడా అంతయు మట్టి కాపుదలవల్లనే వచ్చినది కాదు. విత్తనము, ఎరువు, రెండు పంటలు అన్నియు కలిసినవి. మన్ను తరుగుదలలోని తేడా మాత్రము బోదెకు, ఆకు కప్పునకు చెల్లవలసినదే.

ఆ పద్ధతి వివరము ఇది. మీటరు వెడల్పు బోదె, దాని ప్రక్క అరమీటరు సాలు. వందమీటర్లకు అరమీటరు చొప్పున మాత్రమే సాలుకు వాలు ఇచ్చి, నీరు పరుగెత్తక నడచునట్లు చేయవలెను. సాలు చివర గడ్డి పెంచిన కాలువ, దాని చివర నీటికుంట. కంది ఒక్కటే వేయక, సాళ్ళ నడుమ పెసర లేదా మినుము రెండు మూడు సాళ్ళు వేసినచో ఆ పైరు నెల దాటగానే నేలను కప్పును, అరువది డెబ్బది రోజులలో చేతికి వచ్చును. అప్పటికి కంది విస్తరించుటకు చోటు ఖాళీ యగును. కాయ కోసిన తరువాత కట్టెను బయటికి ఈడ్వక సాళ్ళలోనే పరచుడు. పశువుల మేతకు కొంత కావలసివచ్చునని తెలియును; సగమైనను పరచుడు.

దున్నుట, విత్తుట వాలుకు అడ్డముగా జరుగవలెను. ఇది అందరికిని తెలిసిన మాటయే, అయినను ట్రాక్టరు వచ్చిన తరువాత మరచిన మాట. ట్రాక్టరువాడు పొడవు వైపు దున్నినచో మలుపులు తగ్గును, గంట కలిసి వచ్చును. కిరాయి గంటల లెక్కన ఇచ్చు రైతు దానికి ఒప్పుకొనును. గంటకు మిగిలిన డబ్బు ఎన్ని టన్నుల మన్నుకు సరియో పైన చెప్పిన సీసాతో తేల్చుకొనవచ్చును.

గట్ల విషయములో ఒక హెచ్చరిక. ఎర్రచెలకలలో సమమట్టపు గట్లు చక్కగా పనిచేయును. లోతైన నల్లరేగడిలో అవి నిలువవు. ఎండకాలము గట్టు పగులును. వానాకాలము నీరు గట్టు వెనుక నిలిచి పైరు ఉరకెత్తును. చివరకు పగులునుండి నీరు దూరి గట్టు తెగి, అసలు గట్టు లేనినాటికంటె పెద్ద కోత పడును. నల్లరేగడికి కొద్దిపాటి వాలు గల గట్లు, వాని చివర మత్తడి ఉండవలెను. మత్తడికి మన ప్రాంతములో సామగ్రి కొదువ లేదు. పాలిషు యూనిట్లవద్ద కుప్పలు పడియున్న బండముక్కలను ఒకదానిమీద ఒకటి మెట్లుగా పేర్చినచో సిమెంటు లేకయే మత్తడి సిద్ధమగును. కాని రాయి కోసినప్పుడు వచ్చు తెల్లని బురదను మాత్రము చేని దాపునకు రానీయకుడు. అది నేలపై పొరగా గట్టిపడి నీటిని ఇంకనీయదు. గట్లమీద వట్టివేరు, గిరిపుష్పము పెంచినచో వేళ్ళు గట్టును పట్టియుంచును, గిరిపుష్పపు రొట్ట పచ్చిరొట్ట ఎరువుగా పనికివచ్చును.

చిన్న కోతలకు కంపకట్టలు చాలును. రెండు వరుసల గుంజలు పాతి, నడుమ కంప త్రొక్కినచో నీరు పోవును, మన్ను నిలుచును. ఇది మన తాతలు ఎరిగినదే. జావా దీవి ఉత్తర తీరమున డెమాక్ అను ప్రాంతములో సముద్రము కిలోమీటరుకు పైగా లోనికి చొచ్చుకొని వచ్చినది. రొయ్యల చెరువులకై అక్కడ మడ అడవిని నరికివేసిరి. 2015 ప్రాంతమునుండి అక్కడివారు సముద్రములో రెండు వరుసల వెదురు గుంజలు పాతి, నడుమ కంప నింపి, దాని వెనుక ఒండ్రు నిలుపజూచిరి. ఒండ్రు నిలిచిన చోట మడచెట్లు తమంత తామే మొలచునని ఆశ. కొన్నిచోట్ల ఫలించినది. నేల కుంగుచున్న చోట్ల నిలువలేదు. మన వాగు కోతకు వేయు కంపకట్టయు, సముద్రపుటలలో వారు వేసిన కంపకట్టయు ఒకే సూత్రము మీద నిలిచినవి. ఒక తేడా మాత్రము ఉన్నది. కోత మొదట్లోనే, చేని తలవద్దనే అడ్డము వేయుటకు మనకు నాలుగు మోపుల కంప చాలును. సముద్రపు మొగలో వేయుటకు ఎంత వెదురైనను చాలదు.

గ్రామ అధికారులు ఫాల్గుణ, చైత్ర మాసములలో గ్రామములోని వాగు కోతలను తిరిగి చూచి పట్టిక వ్రాసికొనవలెను. గ్రామీణ ఉపాధి పనులలో నీటికుంటలు, కందకములు, రాతి కట్టలు చేయించుటకు వీలున్నది. పని వాగు క్రింది భాగమున పెద్ద చెక్‌డ్యాముతో మొదలు పెట్టక, గుట్ట తలనుండి మొదలుపెట్టి క్రిందికి రావలెను. క్రిందనే మొదలుపెట్టిన చెక్‌డ్యాములు రెండు మూడు వానలకే పూడిపోవుట అనేకచోట్ల చూచుచున్నాము. చేని వాలు కొలుచుటకు మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారిని అడుగుడు. పారదర్శకమైన పైపులో నీరు నింపి ఇద్దరు మనుషులు చెరియొక చివర పట్టుకొన్నను మట్టము తేలును. రోహిణిలోగా ఈ పని ముగియవలెను. మృగశిర వచ్చిన తరువాత ఎవరికిని తీరిక ఉండదు.

దీవులు చూడగోరు రైతులకు

కందులు అమ్ముకొని చేతిలో నాలుగు డబ్బులు, వారము రోజుల తీరిక ఉన్న మాఘ ఫాల్గుణములు ఇందుకు అనుకూలము. తాండూరులో రైలెక్కి సికింద్రాబాదు మీదుగా విజయవాడ చేరి, అక్కడినుండి బస్సులో అవనిగడ్డ, నాగాయలంక పోవచ్చును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలము గనుక పోరాదు. నలుగురైదుగురు కలిసి పోయినచో పడవ కిరాయి కలిసి వచ్చును. మడ అడవిలోనికి పోవుటకు అటవీశాఖ వారి అనుమతి తీసికొనవలెను. పడవ ఎక్కుటకు ముందు పోటు, పాటు వేళలను పడవవారినే అడిగి తెలిసికొనుడు; పాటు సమయమున చిన్న పాయలలో పడవ బురదలో కూరుకొనిపోయి, మరల పోటు వచ్చువరకు కూర్చుండవలసివచ్చును. త్రాగునీరు మీ వెంట మీరే తీసికొని పొండు. అక్కడివారిని అడిగినచో కాదనక ఇత్తురు, కాని వారికి మంచినీరు సులభముగా దొరకునది కాదు.